గజ ఈతగాడికి చేతులెందుకు?

సముద్రాన్ని ఈదిన మనిషికి ఒడ్డున విగ్రహం పెట్టేటప్పుడు ఆ విగ్రహానికి చేతులూ కాళ్లూ ఉండాలా, అక్కర్లేదా అన్న ప్రశ్నను మన విగ్రహ కమిటీలు ఇంతవరకు లోతుగా చర్చించకపోవడం విచారకరం. (కమిటీల విషయంలో లోతు అన్న మాట వాడకూడదు గానీ, సంగతి సముద్రానిది కనుక పాఠకులు మన్నించాలి.) ఇంగ్లండులోని డోవర్ పట్టణం ఈ చిక్కును 1910లోనే తేల్చేసింది. ఇంగ్లిష్ ఈతగాడు కెప్టెన్ మాథ్యూ వెబ్‌కు అక్కడి తీరంలో నిలిపిన కంచు ప్రతిమ భుజాల దగ్గరే ఆగిపోతుంది. అంటే, ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ నడుమనున్న ఇంగ్లిష్ చానల్ సముద్రాన్ని దాటిన చేతులూ కాళ్లూ మినహా తక్కిన మనిషికి సముచిత గౌరవం దక్కింది.

ఆ అవయవాలు చేసిన పని చిన్నదేమీ కాదు. 1875 ఆగస్టు 24న వెబ్ డాల్ఫిన్‌కు దాయాది అయిన పోర్పస్ నూనెను ఒంటికి పట్టించుకుని డోవర్ రేవుకట్ట మీంచి దూకాడు. జెల్లీ ఫిష్‌లు కుట్టినా, ఫ్రాన్సు ఒడ్డు కళ్లెదుటే కనిపిస్తున్నా గంటల తరబడి ప్రవాహం దగ్గరకు రానివ్వకపోయినా ఆగకుండా ఈది, 21 గంటల 45 నిమిషాలకు ఫ్రాన్సులోని కలే పట్టణం దగ్గర ఒడ్డెక్కాడు.

అంతటివాడికి ప్రతిమ పెట్టడానికి 35 ఏళ్లు ఎందుకు ఆగారని అమాయకులు అడుగుతారు. బతికున్న ఈతగాడికి పూటపూటా అన్నం కావాలి, కంచు ప్రతిమకు అక్కర్లేదు. చందాలు, జేజేలు, సన్మానాలు అన్నీ ముగిశాక వెబ్ బతుకుతెరువు కోసం లండన్‌లో ఒక నీళ్ల తొట్టెలో 60 గంటలు తేలుతూ కనిపించవలసి వచ్చింది. సముద్రం దాటినవాడు తొట్టెలో తేలుతుంటే జనం డబ్బిచ్చి చూశారు. చివరికి డబ్బు కోసమే 1883 జులై 24న నయాగరా సుడిగుండాల్లోకి దిగి, 35 ఏళ్లకే కన్నుమూశాడు. అప్పటికిగాని విగ్రహానికి కావలసిన ముఖ్యార్హత అతనికి సమకూరలేదు. అతను పుట్టిన డాలీ ఊరికి సముద్రమే లేదు, అయినా డోవర్ కంటే ఏడాది ముందే స్మారకం కట్టి, 'గొప్పదేదీ సులువు కాదు' అన్న మాట చెక్కించుకుంది.

ఇక మన సంగతికి వద్దాం. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల 52 ఏళ్ల వయసులో విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు, రోజుకింత చొప్పున సముద్రంలో ఈది, 2025 జనవరి మొదట్లో ఒడ్డుకు చేరారు. అదే దూరం రైల్లో నిలబడి వచ్చి, వారం రోజులు నడుము నొప్పి గురించి చెప్పుకునే నాబోటివాడికి ఇది సరిగా మింగుడుపడదు. అయినా పౌరధర్మంగా ఒక విగ్రహ ప్రతిపాదన చేస్తున్నాను. దిగిన ఊరు విశాఖ, తేలిన ఊరు కాకినాడ, సొంత ఊరు సామర్లకోట కనుక మూడు కమిటీలు వేయక తప్పదు. ముఖం రోడ్డు వైపే ఉండాలి, ఎందుకంటే కాన్వాయ్‌లు సముద్రంలోంచి రావు. చేతులు వద్దు, చాచిన చేయి ఉంటే సాయంత్రానికల్లా దానికి ముంత మసాలా బండివాడి సంచీ వేలాడుతుంది, ఏడాది తిరిగేసరికి నిరుటి దండ తాలూకు తుప్పుపట్టిన తీగ చుట్టుకుంటుంది. మిగిలిన కంచును శిలాఫలకం మీది పేర్లకు వాడుకోవచ్చు.

ఒక్క అభ్యంతరం మాత్రం నన్ను వేధిస్తోంది. బతికుండగా శాలువా, పోయాక విగ్రహం అన్నది మన ఆచారం. ఆవిడేమో నిక్షేపంగా ఉన్నారు. పైగా అంతకుముందు 2021లో భారత్, శ్రీలంకల నడుమనున్న పాక్ జలసంధినీ ఈదేశారు కాబట్టి, మళ్లీ ఎప్పుడు ఏ నీళ్లలోకి దిగుతారో చెప్పలేం. అందుకని ఫలకం మీద కమిటీ సభ్యుల పేర్లను ఆ కంచుతోనే పోత పోయించి, 150 అన్న అంకెను మాత్రం ప్రస్తుతానికి సున్నంతో రాయించాలని నా మనవి.