గోడకుర్చీ సారు

(హన్మకొండలో ఒక ఇల్లు. పొద్దున ఆరున్నర. రిటైరైన లెక్కల సారు డాబా మెట్లు వెనక్కి తిరిగి, రెయిలింగ్ పట్టుకుని దిగుతున్నాడు. నొప్పి పట్టిన తొడలతో దిగాలంటే నిజానికి అదే సుఖం. కింద ఆయన భార్య చాయ్ గ్లాసుతో నిలబడింది.)

ఆమె: ఎన్ని తీశారు?

సారు: ఏంటివి?

ఆమె: బస్కీలు. నిన్న స్లాబు కూలుతదేమో అనుకున్నా.

సారు: యాభై. కుస్తీ తాలీంలో నూరు తీసిన ఒళ్ళు ఇది.

ఆమె: ఆ తాలీం మానేసి నలభై ఏళ్ళు. ఒళ్ళు మరిచిపోయింది, మీరే మరవలేదు.

సారు: ఇది మంచి నొప్పే. రెండు మూడు రోజుల్లో అదే తగ్గుతుంది.

ఆమె: పోయిన ఏడాదీ ఇదే కదా! మొదటి రోజు యాభై బస్కీలు, రెండో రోజు బామ్ డబ్బా, మూడో రోజు వడ్డేపల్లి చెరువు దగ్గర మిర్చి బజ్జీలు.

సారు: ఈసారి పద్ధతి వేరు. ఏడు నిమిషాల ఎక్సర్‌సైజ్. 2013లో అమెరికా పత్రికలో వేశారు. పన్నెండు రకాలు, ఒక్కోటి 30 సెకండ్లు, మధ్యలో 10 సెకండ్ల విరామం. జిమ్ము అక్కర్లేదు, గోడా కుర్చీ ఉంటే చాలు.

ఆమె: పన్నెండు ముప్పైలు 360. నడుమ విరామాలు పదకొండు, అవి 110. మొత్తం 470 సెకండ్లు. ఏడు నిమిషాలు ఎట్లయింది? ఏడు నిమిషాల యాభై సెకండ్లు.

సారు: (వేళ్ళు మడిచి చూసుకుని) రౌండ్ ఫిగర్.

ఆమె: రౌండ్ ఫిగర్ అన్న పిల్లలకు మీరు సున్నా పెట్టలేదూ? సరే, ఒక లెక్క చెప్పండి. పోయిన మేడారం జాతరకు మీ నిలువెత్తు బంగారం ఎన్ని కిలోలు తూగింది?

సారు: బెల్లమా? 81.

ఆమె: నేల మీద దండీ, అదే పుషప్, కొడితే ఒంటి బరువులో దాదాపు మూడింట రెండొంతులు చేతుల మీదే పడుతుంది. ఎంత?

సారు: 54.

ఆమె: పది కిలోల బెల్లం బుట్టలు అయిదు, పైన ఇంకో నాలుగు కిలోలు. రెండు కిలోల టమాటలు తెమ్మంటే భుజం పట్టేసిందంటారు. మోకాళ్ళు ఆనించి కొడితే సుమారు సగం బరువే. గోడకు చేతులు పెట్టి కొడితే ఇంకా చాలా తక్కువ. కాబట్టి ముందు గోడ. అలవాటయ్యాక వంటింటి గట్టు, తర్వాత మంచం అంచు, తర్వాత మోకాళ్ళ మీద. నేల ఆఖరున.

సారు: వంటింటి గట్టా?

ఆమె: ఎలాగూ అంతదాకా వస్తారు కదా, పోపు కూడా పెట్టండి.

సారు: ఇవన్నీ నీకెవరు చెప్పారు?

ఆమె: నా మోకాలికి ఫిజియోథెరపీ చేసినన్ని రోజులు మీరు బయట కూర్చుని పేపర్ చదివారు. నేను లోపల విన్నా. ఈ నొప్పి తగ్గినాక కుర్చీలోంచి చేతులు ఆనించకుండా అయిదుసార్లు లేవండి. గోడ దండీలు అయిదు. గోడకుర్చీ పది సెకండ్లు. ఊపిరి బిగబట్టొద్దు. రోజు విడిచి రోజు. ఇంకో రెండు తీయగలను అనిపించినప్పుడే ఆపేయాలి. వారానికి ఒకటో రెండో పెంచండి.

సారు: అయిదా? బూట్లు కట్టుకోవడానికే అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. ఎవరన్నా చూస్తే నవ్వుతారు.

ఆమె: నవ్వనీయండి. యాభై చూసి మెచ్చుకున్నోళ్ళు మెట్లు దింపడానికి వచ్చారా?

(నాలుగో రోజు. సారు మెట్లు ముందుకే దిగాడు. కుర్చీ అయిదు, గోడ దండీలు అయిదు అయిపోయాయి. కొంచెం నిరాశగానే ఉన్నాడు, చెమట కూడా పట్టలేదు.)

సారు: ఇక గోడకుర్చీ. ఎంతమందిని వేయించాను! పీరియడ్ పీరియడంతా కూర్చునేవాళ్ళు.

ఆమె: మరీ కిందికి దిగకండి. సగం చాలు. ఒకటి... రెండు... మూడు...

సారు: (తొడలు వణుకుతుండగా) కొంచెం తొందరగా లెక్కపెట్టు.

ఆమె: సెకండును నేను కుదించలేను. అయిదు... ఆరు... ఏడు... ఆగండి, బెల్లు మోగింది. లేవకండి, ఇప్పుడే వస్తా.

సారు: ఏయ్! ఇంకా మూడే ఉన్నాయి, చెప్పి పో!

(తలుపు తెరుచుకుంది. భుజం మీద గ్యాస్ సిలిండరుతో వచ్చిన కుర్రాడు సారును చూసి ఆగిపోయాడు. సిలిండరును మెల్లగా కిందికి దించి, చేతులు కట్టుకున్నాడు.)

కుర్రాడు: నమస్తే సార్. ఎనిమిదో తరగతి, బీ సెక్షన్... వీపు మొత్తం గోడకు ఆనాలె సార్.