గడువు ముగిశాకే ఎడిషన్ ఎంచుకోండి

డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను హంగులు, ధరలను బట్టి రకరకాల ఎడిషన్లుగా ఇస్తారు. వాటిలో ఒకదాన్ని ఎప్పుడు ఎంచుకోవాలన్నది పరిశ్రమ ఏనాడో తేల్చేసిన విషయం: సర్వర్ ఆగిపోయిన మరుక్షణం. అంతకంటే ముందే ఎంచుకుందామనేవారు లైసెన్సు ఒప్పందాన్ని చివరిదాకా చదివే రకం. అలాంటివారి వల్ల ప్రాజెక్టులు ఆలస్యమవుతాయి.

మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో, వాడి చూడటానికిచ్చే ఎవాల్యుయేషన్ ఎడిషన్‌కు 180 రోజుల గడువుంది. ఇంత ఉదారంగా ఇచ్చినప్పుడు మొదటి వారంలోనే నిర్ణయం తీసుకోవడం మర్యాద కాదు. ముందు నాలుగు రిపోర్టులు నడపాలి. తర్వాత ‘ఊరికే చూద్దామని’ అసలు కస్టమర్ల డేటా ఎక్కించాలి. జీతాల లెక్కలు కూడా దాని మీదే సాగుతుండగా ఒక తెల్లవారుజామున సర్వీసు మొరాయిస్తుంది. లాగ్ తెరిస్తే గడువు తీరిందని ఒక్క ముక్క. సమావేశం పెట్టడానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదు.

ఈలోగా డెవలపర్లు తమ వంతు చేసి ఉంటారు. ఎవాల్యుయేషన్‌లో ఖరీదైన ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ హంగులన్నీ ఉంటాయి. డెవలపర్ ఎడిషన్‌లోనూ అంతే. పైగా ఉచితం, గడువు లేదు, ప్రొడక్షన్‌లో, అంటే అసలు వ్యాపారపు పనికి, వాడకూడదన్నదొక్కటే షరతు. ‘ఇది ప్రొడక్షన్ కాదండీ, కస్టమర్లు వాడుతున్నారంతే’ అని దానికి సమాధానం సిద్ధంగానే ఉంది. కాబట్టి ఆరు నెలలు ఎంటర్‌ప్రైజ్ మీద రాసి, ఖరీదు చూశాక హంగులు తక్కువున్న స్టాండర్డ్ ఎడిషన్ కొనాలి. పాత వెర్షన్లలో ఇది మరీ రక్తికట్టేది. 2016 వెర్షన్ మొదటి సర్వీస్ ప్యాక్‌కు ముందు డేటాను కుదించే కంప్రెషన్, పట్టికలను ముక్కలుగా విడదీసే పార్టిషనింగ్ ఎంటర్‌ప్రైజ్ సొత్తు. కంప్రెస్ చేసిన డేటాబేస్ బ్యాకప్‌ను స్టాండర్డ్ మీద రీస్టోర్ చేస్తే పది శాతం, యాభై శాతం, నూరు శాతం అని నింపాదిగా లెక్కపెట్టి, అంతా అయ్యాక ఈ ఎడిషన్‌లో ఈ డేటాబేస్ మొదలవదని చెప్పేది. ముందే చెబితే మనకు గంటల కొద్దీ ఆశ దక్కేది కాదు కదా! 2025 వెర్షన్‌లో, స్టాండర్డ్ హంగులే ఉండే స్టాండర్డ్ డెవలపర్ అనే ఎడిషన్ తెచ్చి ఈ వినోదానికి గండి కొట్టారు.

పొదుపరులకు ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉంది. 2022 వెర్షన్ వరకు ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి. నిండితే సంవత్సరానికొక డేటాబేస్‌గా చీల్చుకోవచ్చు. వేళకు పనులు నడిపే ఏజెంట్ ఉండదు గనుక బ్యాకప్ దానంతటది జరగదు; ఆ సంగతి డిస్కు పోయిన రోజున తెలుస్తుంది.

హార్డ్‌వేర్ విభాగం సేవను మరువరాదు. ఎడిషన్ ఏదో తేలకముందే, తగ్గింపు ధర దొరికిందని 64 కోర్ల (ప్రాసెసర్‌లో పనిచేసే భాగాల) సర్వర్ కొనేస్తారు. 2022 స్టాండర్డ్ అందులో 24 కోర్లకు మించి ముట్టదు. కానీ భౌతిక సర్వర్‌కు కోర్ల లెక్కన లైసెన్సు తీసుకుంటే, కోర్లన్నింటికీ తీసుకోవాల్సిందే. మిగిలిన 40 కోర్లు పనిలేకుండా కూర్చున్నా వాటి బిల్లు మాత్రం శ్రద్ధగా వస్తుంది. ఏ సంస్థలోనైనా ఇది కొత్తగా అనిపించదు.

మరో డేటాబేస్ ఒరాకిల్‌లో ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ పద్ధతి మరింత సంస్కారవంతం. పనితీరు చూసే ఏడబ్ల్యుఆర్ రిపోర్టుకు డయాగ్నస్టిక్స్ ప్యాక్ అనే వేరే లైసెన్సు కావాలి. కానీ దాన్ని వాడబోతే ఎవరూ అడ్డుకోరు. సెట్టింగు మొదటినుంచీ తెరిచే ఉంటుంది. ఏ సౌకర్యాన్ని ఎప్పుడు వాడారో డేటాబేస్ తనలోనే రాసిపెట్టుకుంటుంది. లైసెన్సుల ఆడిట్‌కు వచ్చినవారు చిత్రగుప్తుడి చిట్టా తెరిచినట్టు ఆ పట్టిక తెరుస్తారు. రాత్రి రెండింటికి ప్రాణం విసిగి ఒక రిపోర్టు తీసిన కుర్రవాడి పుణ్యఫలం అందులో తేదీతో సహా కనిపిస్తుంది.

ఇక పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ఒకటుంది. దానికి ఒక్కటే ఎడిషన్, లైసెన్సు రుసుము లేదు, కోర్ల లెక్క లేదు. నిపుణుల కమిటీ దాన్ని పరిశీలనకే తీసుకోలేదు. తీసుకుంటే రెండో సమావేశం ఎజెండాలో ఏం రాయాలి?