నలభై దాటాక బట్టలు: కొనడంతో పాటు కుట్టించడమూ ముఖ్యమే

నలభై దాటినవారు పాత బట్టలన్నీ తీసేసి, మేలురకం దుస్తులు ఒకేసారి కొనుక్కోవాలని ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసంలో రచయిత సూచించారు. నాణ్యత గురించి చెప్పిన మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను గానీ, పిల్లల కాలేజీ ఫీజులు, ఇంటి అప్పు వాయిదాలు కలిసి మీదపడే ఈ వయసులో అలా కొనడం మా హనుమకొండ వంటి ఊళ్లలోని ఉద్యోగుల ఇళ్లకు సాధ్యపడదు. రెండు మూడు నెలలకొక మంచి బట్ట చొప్పున సమకూర్చుకోవడమే నయం.

భౌగోళిక గుర్తింపు పొందిన సిద్దిపేట గొల్లభామ చీరలు, పోచంపల్లి ఇక్కత్ మన రాష్ట్రంలోనే నేస్తున్నారు. అయితే ఇక్కత్ పేరుతో అచ్చు వేసిన బట్టను అమ్మేవారూ ఉన్నారు కనుక, కొనేముందు తప్పకుండా తిరగేసి చూడండి. అసలైన ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు రంగు అద్దుతారు కాబట్టి డిజైను రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అచ్చు బట్టకు సాధారణంగా వెనకవైపు రంగు పలచగా ఉంటుంది.

వ్యాసంలో కుట్టు ప్రస్తావనే లేకపోవడం పెద్ద లోటు. కుట్టుకూలి దగ్గర పొదుపు చేయకూడదని నా గట్టి అభిప్రాయం. నూలు బట్టను ముందుగా నీళ్లలో నానబెట్టి ఆరవేశాకే టైలరుకు ఇవ్వాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే కుదించుకుపోవచ్చు. ఈ వయసులో నడుము కొలత మారడం సహజం, అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు; అందుచేత జాకెట్టయినా ప్యాంటయినా లోపలి మడతలో బట్ట ఎక్కువ వదలమని చెబితే, తర్వాత విప్పి వదులు చేయించుకోవచ్చు.

ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం. ఆ తేదీకి అటూ ఇటూ చేనేత సహకార సంఘాల దుకాణాల్లో రాయితీ ఉందేమో అడిగి కొనండి.