ఈనిన ఆవు మాయను చేత్తో లాగించకండి: తిరుగుతున్న సందేశానికి జవాబు

"ఈనిన వెంటనే గర్భసంచిలో క్రిములు చేరడమే అన్ని తిప్పలకూ మూలం. మాయ 12 గంటల్లో పడకపోతే చేత్తో తీయించండి, లోపల యాంటీబయాటిక్ బిళ్లలు పెట్టించండి. ఈనడానికి నెల ముందు నుంచే కాల్షియం పట్టండి, ఇమ్యూనిటీ టానిక్ తాగించండి. ఆవు వెంటనే మళ్లీ చూడి కడుతుంది."

పాడి రైతుల మధ్య తిరుగుతున్న ఈ సందేశంలో ఒక్కో మాటా వినడానికి సబబుగానే ఉంటుంది. (మాయ అంటే కడుపులో దూడను పోషించి, కాన్పు తర్వాత బయటికి రావాల్సిన పొర.) పాటిస్తే మాత్రం బాధ పడేది నోరులేని జీవం. అందుకే ఒక్కొక్కటీ విప్పి చూడాలి.

క్రిములే మూలమన్నది మొదటి మాట. ఈనాక మొదటి రెండు వారాల్లో 80 నుంచి 100 శాతం ఆవుల గర్భసంచిలో బాక్టీరియా ఉంటుంది. ఎంత శుభ్రంగా ఈనినా చేరుతుంది. అయినా ఎక్కువ ఆవులు కొన్ని వారాల్లో దాన్ని తామే వదిలించుకుంటాయి. ఈనినప్పుడు దాదాపు 10 కిలోలుండే గర్భసంచి నెల తిరిగేసరికి కిలోకు దగ్గరవుతుంది. కొన్నింటికే చీము పడుతుంది. కష్టపు కాన్పు, కవలలు, మురికి చేతులు ముప్పును పెంచుతాయి, నిజమే. కానీ అసలు తేడా చాలావరకు ఆవు ఒంట్లోనే ఉంటుంది.

ఆ తేడా ఈనకముందే మొదలవుతుంది. చివరి మూడు వారాల్లో ఆవు మేత దాదాపు మూడో వంతు తగ్గుతుంది, అదీ ఎక్కువగా ఆఖరి వారంలో. లోటు పూడ్చుకోవడానికి ఒంటి కొవ్వు కరిగి ఫ్యాటీ ఆమ్లాలు, కీటోన్లు రక్తంలో పెరుగుతాయి. ఈనే సమయానికి ఒత్తిడి హార్మోను కార్టిసాల్ ఎగబాకుతుంది, కాల్షియం పడిపోతుంది. ఇవన్నీ కలిసి, క్రిములను మింగి చంపే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల పనితీరును దెబ్బతీస్తాయి. ఈనాక గర్భసంచి జబ్బు చేసిన ఆవులు అంతకు రెండు వారాల ముందే తక్కువ తిన్నాయని పరిశోధనల్లో తేలింది. నా దృష్టిలో ఈ విషయంలో రైతుకు ఇంతకంటే పనికొచ్చే సమాచారం లేదు.

ఇక చేత్తో తీయించడం. ఈ సందేశంలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన మాట ఇదే. ఆవు మాయ గర్భసంచి గోడకు చొక్కా గుండీల్లా చాలా చోట్ల అతుక్కుని ఉంటుంది. దూడ పుట్టాక ఆ అతుకులు కరిగి ఊడాలి. ఊడే పనిలో తెల్లకణాల పాత్ర పెద్దది, అవి మాయను పరాయి కణజాలంగా గుర్తించి దాని మీదికి వెళ్తాయి. మాయ నిలిచిపోయిన ఆవుల్లో న్యూట్రోఫిల్స్ ఈనకముందే బలహీనంగా ఉన్నాయని 2002లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అంటే మాయ నిలవడం కూడా రక్షణ వ్యవస్థ తడబడిందన్న గుర్తే. అలాంటి స్థితిలో లోపల చెయ్యి పెట్టి లాగితే పొర చిరుగుతుంది, ముక్కలు మిగిలిపోతాయి, ఉన్న తెల్లకణాల శక్తి కూడా తగ్గుతుంది. గడువు విషయానికొస్తే, సాధారణంగా 24 గంటలు దాటితేనే మాయ నిలిచిందని లెక్క. వదిలేస్తే ఎక్కువగా వారం, పది రోజుల్లో అదే రాలిపోతుంది. నేలకు రాసుకునే భాగాన్ని కత్తిరించవచ్చు. బరువులు మాత్రం కట్టకండి.

బిళ్లల సంగతి క్లుప్తంగా చెబుతాను. టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్‌లు మాయ అతుకులను కరిగించే ఎంజైములనే అడ్డుకుంటాయి. పైగా పాలలో మందు అవశేషాలు చేరవచ్చు. ఈనిన మొదటి రెండు వారాల్లో వాసన లేని ఎర్రటి, గోధుమ రంగు స్రావం సహజం. అదే స్రావం నీళ్లలా పలచబడి దుర్వాసన కొడుతూ, జ్వరం 39.5 డిగ్రీల సెల్సియస్ దాటి, ఆవు మేత మానేస్తే, ఆ రోజే పశువైద్యుణ్ణి పిలవాలి. అప్పుడు యాంటీబయాటిక్ నిజంగా అవసరం, సాధారణంగా ఇంజెక్షన్ రూపంలో.

కాల్షియం అవసరమన్న మాట నిజం, ఇవ్వమన్న సమయమే తప్పు. ఆవు రక్తరసంలో మొత్తం కాల్షియం సుమారు 3 గ్రాములు. 10 లీటర్ల జున్నుపాలలో 23 గ్రాముల దాకా బయటికి పోతుంది. ఆ లోటును ఎముకల నుంచి, పేగుల నుంచి తెచ్చుకునే ఏర్పాటు ఒంట్లో ఉంది. ఈనకముందు కాల్షియం ఎక్కువగా పడితే ఆ ఏర్పాటు మందగిస్తుంది, సరిగ్గా అవసరమైన రోజున పాలజ్వరం, అంటే రక్తంలో కాల్షియం పడిపోయి ఆవు కూలబడే జబ్బు, వస్తుంది. తెల్లకణం పని మొదలుపెట్టడానికీ కాల్షియమే సంకేతం కాబట్టి గర్భసంచికీ ముప్పే. ఈనిన తర్వాత, ముఖ్యంగా ఎక్కువ ఈతల ఆవులకు, కాల్షియం పట్టడం వేరే సంగతి. అది మేలు చేస్తుంది.

టానిక్ విషయంలో కాస్త ఓపిగ్గా ఆలోచించాలి. సెలీనియం, విటమిన్ ఇ లోపం ఉంటే మాయ నిలిచే ముప్పు పెరుగుతుంది, లోపం పూడిస్తే తగ్గుతుంది. లోపం లేని ఆవుకు ఇంకా పోస్తే బలం రాదు, సెలీనియం ఎక్కువైతే విషమే. ఈనే సమయంలో రక్షణ వ్యవస్థ ఒట్టి బలహీనంగా ఉండదు, ఒక పక్క తడబడుతూ మరో పక్క వాపును మితిమీరి రేపుతుంది కూడా. దాన్ని ఊరికే "పెంచేస్తే" సరిపోదు. ఆ డబ్బుతో చూడి ఆవుకు నీడ, తొట్టి దగ్గర తోపులాట లేని చోటు, మంచి మేత ఏర్పాటు చేయండి. మరీ కొవ్వు పట్టనివ్వకండి, కొవ్వెక్కిన ఆవే ఈనేముందు ఎక్కువగా మేత తగ్గిస్తుంది.

"వెంటనే చూడి కడుతుంది" అన్న ఆఖరి హామీ కూడా నిలవదు. కొన్ని ఆవుల్లో చీము బయటికి కనిపించకుండానే గర్భసంచి పొరలో వాపు ఉంటుంది. ఎదకు వస్తాయి, కానీ చూడి కట్టక పొర్లుతూనే (మళ్లీ మళ్లీ ఎదకు వస్తూనే) ఉంటాయి. మూడు వారాలు దాటాక పశువైద్యుడు పొర కణాలను తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే తప్ప ఆ వాపు బయటపడదు.