నాలుక కింది మాత్ర మీద పడ్డ నింద

మా చుట్టాల గ్రూపులో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నల్లమందు, హెరాయిన్ లాంటి మత్తు మాన్పించడానికిచ్చే, నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్రల వల్ల క్యాన్సర్ వస్తుందట. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకు జబ్బు ముదిరాకే బయటపడటం దానికి రుజువట. అందుకని వెంటనే ఆపేయాలట, దీనికన్నా నల్లమందే నయమట. మా పిన్ని దాన్ని నాకు పంపి "నిజమేనారా?" అని అడిగింది. వాళ్ళబ్బాయి ఏడాదిగా ఆ మాత్ర మీదే నిలబడ్డాడు మరి.

ముందు ఆ "రుజువు" సంగతి. జబ్బు రావడం వేరు, ఆలస్యంగా తెలియడం వేరు. బుప్రెనార్ఫిన్, మార్ఫిన్ లాంటి ఈ జాతి మందులు నొప్పిని అణుస్తాయి. మన హైదరాబాద్ రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో రోగులకు మార్ఫిన్ ఇచ్చేది అందుకే. అదే గుణం వల్ల లోపల గడ్డ పెరుగుతున్నా నొప్పి అంతగా తెలియకపోవచ్చు. మలబద్ధకం ఎలాగూ ఈ మందులతో మామూలే కాబట్టి, పేగులో తేడా వచ్చినా మాత్ర మీదకే తోసేస్తారు. బరువు తగ్గితే ఇంట్లోవాళ్ళకు "మళ్ళీ మొదలెట్టాడా" అని టెన్షన్. దగ్గితే సిగరెట్ వల్లే అంటారు. మాకు తెలిసినాయన ఒకరు నడుం నొప్పని వెళ్తే, ఫైల్ చూసిన డాక్టర్ "ఇంకో మందు కోసం వచ్చావా?" అన్నాడట. ఆయన మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితేనే నవ్వే ఊరు మనది, ఫైల్ దాచుకునేవాళ్ళను ఏమనగలం?

మరి క్యాన్సర్ ఎక్కడి నుంచి? సిగరెట్, గుట్కా, మద్యం. మత్తుకు అలవాటుపడ్డవాళ్ళలో చాలామందికి ఇవీ ఉంటాయి. ఒకే సూదిని పంచుకుంటే హెపటైటిస్ సి సోకి, ఏళ్ళ తర్వాత కాలేయ క్యాన్సర్ దాకా పోవచ్చు. ఆ హెపటైటిస్‌కు 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం.

నల్లమందే నయమన్న మాట మాత్రం పూర్తిగా తలకిందులు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2020లో నల్లమందు వాడకాన్నే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది, పొగాకు పక్కన. స్వరపేటిక, ఊపిరితిత్తులు, మూత్రాశయం దాని గురి.

ఇక "వెంటనే ఆపేయండి" అన్నదే అన్నిటికన్నా ప్రమాదం. ఆపేశాక మళ్ళీ పాత మత్తు వైపు మళ్ళితే, ఒంటికి అలవాటు తగ్గిపోయి ఉంటుంది, పాత మోతాదే ఊపిరి ఆపేయగలదు.

పిన్నికి చెప్పింది ఇదే: మాత్ర ఆపనీయకు. రెండు మూడు వారాలు దాటిన దగ్గు, నోట్లో మానని పుండు, గొంతు బొంగురు, కళ్ళెలో రక్తం కనబడితే నొప్పి లేదని ఊరుకోవద్దు, డాక్టర్‌కు చూపించు. ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా ఆ మాత్ర సంగతి దాచనీయకు. ఆపరేషన్ అవసరమైతే నొప్పి మందు ఎంతివ్వాలో లెక్క కట్టేది దాన్నిబట్టే.