షికాగో వెళ్లొచ్చేసరికి

ఉచితంగా వచ్చిన రైలు పాసును జేబులో పెట్టుకుని ఊళ్లోనే కూర్చోవడం మానవమాత్రుడి వల్ల అయ్యే పని కాదు. ఆ మానవుడికి 18 ఏళ్లు, చేతిలో ఓ సొంత పత్రిక, తలనిండా రాజకీయాల పిచ్చి ఉంటే ఇక చెప్పేదేముంది? 1884లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, మేరియన్ అనే చిన్న ఊళ్లో, వారెన్ హార్డింగ్ అనే కుర్రాడికి ఇవన్నీ ఒకేసారి పట్టుకున్నాయి.

పత్రిక పేరు మేరియన్ స్టార్. అప్పట్లో ఆ ఊళ్లో మూడు పత్రికలుండేవి. వాటిలో దినపత్రిక ఇదొక్కటే, అన్నిటికంటే చతికిలపడిందీ ఇదే. అందులో వింతేమీ లేదు. వారపత్రికకి నష్టం వారానికోసారి వస్తుంది, దినపత్రికకి రోజూ వస్తుంది. ఇలాంటిదాన్ని ఇద్దరు స్నేహితులతో కలిసి 300 డాలర్లు పోగేసి మరీ కొన్నాడు. అంతకుముందు బడిలో పాఠాలు చెప్పి చూశాడు, నచ్చలేదు. ఇన్సూరెన్స్ అమ్మి చూశాడు. లాయరవుదామని లా పుస్తకాలు కూడా తిరగేశాడు. ఏ పనిలోనూ కాలు నిలవనివాడు చివరికి పత్రికలో తేలడం ఒక్క ఒహాయోలోనే జరిగే సంగతి కాదు లెండి. అయితే పని రానివాడని మాత్రం అనకూడదు. తండ్రి చేతిలో కొన్నాళ్లు ఓ చిన్న వారపత్రిక ఉండేది. అచ్చుపని చిన్నప్పుడే అక్కడ నేర్చుకున్నాడు. కాలేజీలోనూ పత్రిక నడిపాడు. పేజీ కట్టేటప్పుడు కంపోజిటర్లు వాడే చిన్న లోహపు పట్టీని, తరవాత్తరవాత దేశాధ్యక్షుడయ్యాక కూడా, జేబులో వేసుకునే తిరిగేవాడు.

ఇక పాసు సంగతి. ఆ రోజుల్లో రైలు కంపెనీలు పత్రికలవాళ్లకి ఊరికే పాసులిచ్చేవి. ఎందుకిచ్చేవో అడగాల్సింది పత్రికలవాళ్లే కాబట్టి ఎవరూ గట్టిగా అడగలేదు. శాసనసభ్యులకీ ఇచ్చేవి. వాళ్లూ అడగలేదు. 1906లో ఓ చట్టం వచ్చి ఈ మర్యాదకి చాలావరకు కళ్లెం వేసింది గానీ, 1884లో ఆ బెంగ లేదు. స్టార్ కొన్నవాడికి స్టార్‌తో పాటు పాసు కూడా వచ్చింది. సరిగ్గా ఆ జూన్‌లో షికాగోలో రిపబ్లికన్ పార్టీ జాతీయ మహాసభ జరుగుతోంది. అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో అక్కడే తేలుస్తారు. హార్డింగ్ రైలెక్కేశాడు.

షికాగోలో ఏం లోటు? దేశంలో పేరున్న విలేకరులంతా అక్కడే. వాళ్లతో భుజాలు రాసుకుంటూ తిరిగాడు. జేమ్స్ బ్లెయిన్‌కి టికెట్ వచ్చింది, మనవాడు ఆయనకి జై కొట్టాడు. ఇక్కడో చిన్న చిక్కుంది. అప్పట్లో ఓటు హక్కు 21 ఏళ్లకి. అంటే తను ఓటు వేయలేని అభ్యర్థి కోసం, తను డబ్బు పెట్టని రైల్లో వెళ్లి, తను లేకపోతే నడవని పత్రికను వదిలేసి వచ్చాడన్నమాట. రాజకీయాలకి ఇంతకంటే అర్హత ఏం కావాలి?

తిరిగి మేరియన్‌లో దిగేసరికి పత్రిక లేదు. షెరీఫు, అంటే అక్కడి పోలీసు పెద్ద, వచ్చి స్వాధీనం చేసుకున్నాడు. ఊరెళ్లొచ్చేసరికి పాలు విరిగిపోవడం అందరి ఇళ్లలోనూ జరిగేదే. హార్డింగ్‌కి పత్రికే విరిగిపోయింది. పత్రికతో వచ్చిన పాసు మీద వెళ్లాడు, వచ్చేసరికి పత్రిక పోయింది. ఇంకాస్త ఆలస్యం చేసి ఉంటే టికెట్టు కొనుక్కుని రావలసి వచ్చేదేమో.

అసలు కష్టం ఇక్కడి నుంచి మొదలైంది. చేతిలో పత్రిక లేదు, కడుపు మాత్రం ఉంది. ఊళ్లో అచ్చుపని తెలిసినవాడికి ఉద్యోగమిచ్చే చోట్లు ఎన్నని ఉంటాయి? మిర్రర్ అనే పత్రికలో చేరాడు. అది డెమొక్రాట్ల పత్రిక. అటువైపు అభ్యర్థి న్యూయార్క్ గవర్నర్ గ్రోవర్ క్లీవ్‌లాండ్. ఆ వేసవిలోనే, పెళ్లికాని క్లీవ్‌లాండ్‌కి ఓ బిడ్డ ఉన్నాడంటూ దేశమంతా గగ్గోలు పుట్టింది. మరొకరైతే ఎగిరి గంతేసి ఆ కథ రాసుకునేవారు. మనవాడేమో ఆయన్ని పొగుడుతూ రాయాలి. నిన్నటిదాకా షికాగోలో బ్లెయిన్‌కి జై కొట్టిన గొంతు, ఇవాళ కలం పట్టుకుని క్లీవ్‌లాండ్ అంతటివాడు లేడనాలి. హార్డింగ్‌కి ఒళ్లు మండిపోయింది. మండినా రాశాడు. నన్నడిగితే ఏ కాలేజీలోనూ దొరకని శిక్షణ ఆయనకి ఆ కొద్ది నెలల్లోనే దొరికింది. మనసులో ఒకటి పెట్టుకుని చేత్తో మరొకటి రాయడం అలవాటైనవాడికి శాసనసభ ఎంతో దూరంలో ఉండదు.

ఆ పొగడ్తలు ఏ మాత్రం పనిచేశాయో కూడా చూడాలి కదా. న్యూయార్క్ రాష్ట్రంలో వెయ్యి పైచిలుకు ఓట్ల తేడాతో గట్టెక్కి క్లీవ్‌లాండ్ దేశాధ్యక్షుడయ్యాడు. ఒహాయో మాత్రం బ్లెయిన్‌కే ఓటేసింది. అంటే హార్డింగ్ రాతలు చదివిన రాష్ట్రం క్లీవ్‌లాండ్‌ని గెలిపించలేదన్నమాట.

ఎన్నికలయ్యాక తండ్రి డబ్బు సాయం చేస్తే స్టార్ మళ్లీ చేతికొచ్చింది. ఈసారి కుర్రాడు తెలివిమీరాడు. రోజూ వచ్చే స్టార్ ఏ పార్టీదీ కాదన్నాడు. వారానికోసారి వేసే స్టార్‌ని మాత్రం కాస్త రిపబ్లికన్ వైపు ఒరగనిచ్చాడు. ప్రకటనలిచ్చే వ్యాపారులకి ఈ ఏర్పాటు తెగ నచ్చింది. పాపం, ఊళ్లో అప్పటికే ఉన్న రిపబ్లికన్ వారపత్రిక దీని దెబ్బకి మూతపడింది. సొంత పార్టీ పత్రికను సొంతవాడే మూయించడం కూడా రాజకీయంలో భాగమే.

1891లో ఫ్లోరెన్స్ క్లింగ్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమె తండ్రి ఊళ్లో గొప్ప ధనవంతుడు, ఈ సంబంధానికి బద్ధ విరోధి. పెళ్లికి రాలేదు సరే, అల్లుడితో 8 ఏళ్లు ఒక్క ముక్క మాట్లాడలేదు. చిన్న ఊళ్లో పత్రిక నడిపేవాడికి ఇది ఎంత నరకమో ఆలోచించండి. ఊళ్లో ఎవరి ఇంట్లో ఏం జరిగినా వార్తే, ఎవరు పలకరించినా ఓ చందాయే. అలాంటిది పిల్లనిచ్చిన మామగారే నోరు విప్పరు. ఆ లోటు కూతురు తీర్చింది. ఆఫీసుకొచ్చి సర్క్యులేషన్ పని చేతిలోకి తీసుకుంది, పేపరు కుర్రాళ్లని ఓ దారిలో పెట్టింది. స్టార్ వేసిన కుర్రాళ్లలో నార్మన్ థామస్ అనే పిల్లవాడూ ఉన్నాడు. పెద్దయ్యాక ఆయన సోషలిస్టు పార్టీ తరఫున దేశాధ్యక్ష పదవికి ఆరుసార్లు నిలబడి ఆరుసార్లూ ఓడాడు. ఆ పేపరాఫీసు గాలిలోనే ఏదో ఉండి ఉండాలి.

యజమానికీ అదే గాలి తగిలింది. మొదట కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆడిటర్ పదవికి నిలబడి ఓడాడు. 1899లో ఒహాయో రాష్ట్ర సెనేట్‌కి గెలిచాడు. అప్పుడు రాష్ట్రంలో రిపబ్లికన్ పార్టీ అంటే రెండు ముఠాలు. ఒకటి ఫోరేకర్‌ది, ఇంకొకటి హన్నాది. వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు. హార్డింగ్ మాత్రం ఇద్దరికీ కావలసినవాడయ్యాడు. ఎవరికీ కాదని చెప్పలేని స్వభావం ఇంట్లో తలనొప్పే, రాజధానిలో మాత్రం పెట్టుబడి. 1904లో లెఫ్టినెంట్ గవర్నరయ్యాడు. సెనేట్ జరిగేటప్పుడు పెద్ద కుర్చీలో కూర్చోవడం తప్ప అప్పట్లో ఆ పదవిలో పెద్ద పని ఉండేది కాదు. పగలల్లా వార్తల వెంట పరుగెత్తినవాడికి అంతకంటే విశ్రాంతి ఏముంది?

1910లో గవర్నర్ పదవికి నిలబడి దాదాపు లక్ష ఓట్ల తేడాతో ఓడిపోయాడు. మామూలు నాయకుడు ఓడితే తలుపేసుకుని పడుకుంటాడు, పేపర్లని తిట్టుకుంటాడు. సొంత పేపరున్నవాడికి ఆ సుఖం లేదు. తన ఓటమి తన పేపర్లోనే రావాలి. చిన్న అక్షరాల్లో వేస్తే ఊరంతా నవ్వుతుంది, పెద్ద అక్షరాల్లో వేస్తే కాపీలు బాగా పోతాయి. ఎటు చూసినా ఇరకాటమే.

పదేళ్లకి, 1920లో, అదే మనిషి దేశాధ్యక్ష పదవికి నిలబడ్డాడు. ఎదుటి అభ్యర్థి జేమ్స్ కాక్స్. ఆయనదీ ఒహాయోనే, ఆయన కూడా పత్రిక నడిపినవాడే, పైగా గవర్నరైనవాడు. ఇద్దరిలో ఎవరు ఓడినా ఆ వార్తను తన ప్రెస్సులోనే అచ్చేసుకోవాలి. ఈసారి ఆ పని కాక్స్‌కి పడింది.