చక్రం తిరుగుతుంది సరే, బోరు నిండేదెప్పుడు?

ఈ వారంలో ఇది నాలుగోసారి. 'వాతావరణం గురించి స్కూల్లో చెప్పని నిజాలు' అనే ఫార్వర్డ్‌ను మళ్లీ ఒకరు పంపారు, చివర దండం బొమ్మతో సహా. చదివారా అని అడిగితే, 'లేదు, మంచి విషయంలా ఉంటే పంపాను' అన్నారు.

'ఓజోన్ పొరకు చిల్లు పడింది, అందుకే ఎండలు మండుతున్నాయి' అనేది మొదటి పాయింటు. ఓజోన్ అడ్డుకునేది అతినీలలోహిత కిరణాలను. ఎండ వేడికి అది గొడుగేమీ కాదు. 1985లో బయటపడిన ఆ చిల్లు ఏటా సెప్టెంబరు, అక్టోబరుల్లో అంటార్కిటికా మీద పొర బాగా పలచబడటమే. ఓజోన్‌ను తినేసే రసాయనాలకు కళ్లెం వేసిన 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం పుణ్యమా అని అది మెల్లగా కోలుకుంటోంది కూడా. ఆ మాట మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

'పైకి వెళ్లేకొద్దీ సూర్యుడికి దగ్గరై వేడెక్కుతాం.' ఒకసారి కొండెక్కి చూడండి.

'భూమ్మీది నీరు అంతరిక్షంలోకి పోతోంది.' దీనికి పగలబడి నవ్వుదామనుకున్నాను. కానీ ఒప్పుకోవాలి, పూర్తిగా అబద్ధం కాదు. చాలా ఎత్తుకు చేరిన కాస్త ఆవిరిని సూర్యకిరణాలు విడగొడితే, హైడ్రోజన్ తప్పించుకుపోతుంది. సెకనుకు సుమారు 3 కిలోలు. సముద్రాల లెక్కలో అది కనబడను కూడా కనబడదు. మనం ఉండే వాతావరణపు అడుగు పొర, అంటే ట్రోపోస్ఫియర్, పైఅంచున చలి ఎంతంటే, ఆవిరిలో దాదాపు అంతా ఆ అంచు దాటేలోపే గడ్డకట్టి కిందికి వచ్చేస్తుంది.

నాకు ఒళ్లు మండింది నాలుగోదానికి. 'జలచక్రం ఉన్నంతకాలం చుక్క నీరు తగ్గదు. బోర్లు ఎంత తోడినా ఫర్వాలేదు.' పై పాయింటులో అంతరిక్షానికి పోయిన నీరు ఇక్కడికొచ్చేసరికి తిరిగొచ్చేసింది కాబోలు!

మొత్తం నీరు చెప్పుకోదగ్గంత తగ్గదు, నిజమే. అయితే అది తిరిగి మీ బోర్లోకే వస్తుందని ఎవరు చెప్పారు? కురిసే వానలో ముప్పావు వంతుకు పైగా సముద్రాల మీదే పడుతుంది. ఆవిరి గాలిలో ఉండేది సగటున తొమ్మిది పది రోజులు. నేలలోకి ఇంకిన నీరు లోతుకు దిగడానికి మాత్రం ఏళ్లు, శతాబ్దాలు, ఒక్కోచోట వేల ఏళ్లు పడుతుంది. నేలకింద రెండు కిలోమీటర్ల లోతు వరకు ఉన్న నీటిలో గత 50 ఏళ్లలో చేరింది 6 శాతం లోపే. ఆ పాత నిల్వను మోటార్లు పెట్టి ఒక తరంలో తోడేసి, చక్రం చూసుకుంటుందిలే అంటే ఎలా? తోడేసిన చోట బంకమట్టి పొరలు అణిగిపోతాయి. తర్వాత వాన పడినా అంత నీరు పట్టదు. కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయలో 1925, 1977 మధ్య ఒకచోట నేల దాదాపు 9 మీటర్లు కుంగింది. మూడంతస్తుల మేడ ఎత్తు!

ఐదో పాయింటు, 'దీన్ని నాసా ధ్రువీకరించింది'. ఎప్పుడో, ఎక్కడో రాయలేదు. కాబట్టి దీనికి నా జవాబూ లేదు.